మొరం నేల, సుమ్‌తరాషు, ఆకురాయి

నాచారానికి ఓ పక్క మౌలాలి గుట్ట, ఇంకో పక్క హబ్సిగూడ, మరో పక్క ఉప్పల్. ఇవాళ వీటి మధ్య కనిపించేవి కంపెనీ షెడ్లు, అపార్టుమెంట్లు, మెట్రో స్తంభాలు. అయినా గుర్రం జాడ వెతికితే ఇక్కడ చాలానే దొరుకుతుంది. హైదరాబాదులో గుర్రప్పందేలు 1868లో మౌలాలిలోనే మొదలయ్యాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో వాటిని తన మహలుకు దగ్గరగా మలక్‌పేటకు మార్పించాడు. హబ్సిగూడ పేరు నిజాం కొలువులోని హబ్షీ సైనికుల నుంచి వచ్చిందని చెబుతారు. వాళ్ళ అశ్వదళం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు నగరం అవతలి వైపున ఏసీ గార్డ్స్‌గా మిగిలింది. మౌలాలి గుట్ట పాదాన సమాధిలో ఉన్న మహలఖా బాయి చందా (1768–1824) ఉర్దూ కవయిత్రి, నర్తకి. మగవేషంలో గుర్రమెక్కి నిజాం అలీఖాన్ వెంట యుద్ధయాత్రలకూ వెళ్ళిన మనిషి.

గుర్రం చరిత్ర రాసేవాళ్ళు రౌతును గురించి రాస్తారు, కత్తిని గురించి రాస్తారు, జీను మీది జరీ పని గురించి కూడా రాస్తారు. కింద నేలను తాకే గిట్ట దాకా వచ్చేవాళ్ళు తక్కువ. ఈ తూర్పు హైదరాబాదు నేల మీద ఆ గిట్టను చూసుకున్నదెవరు, ఏ పనిముట్టుతో చూసుకున్నారు అని అడిగితే, మొదట వచ్చే పేరు మనిషిది కాదు, నేలదే.

గిట్ట అంటే గోరే. మనిషి గోరులాగే అది ఆగకుండా పెరుగుతుంది. నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. పై అంచున పుట్టిన కొత్త పెంకు ముందు మొన దాకా దిగడానికి ఏడాది వరకూ పడుతుంది. ఎంత పెరుగుతుందో అంత అరిగితే గుర్రానికి ఏ ఇబ్బందీ లేదు. అరుగుదల ఎక్కువైతే పాదం నొప్పెట్టి కుంటుతుంది. పెరుగుదల ఎక్కువైతే పెంకు బయటికి విచ్చుకుంటుంది, అంచులు పగులుతాయి, కీళ్ళ మీద బరువు తప్పుగా పడుతుంది. గిట్టకు వాడే పనిముట్లన్నీ, లాడంతో సహా, ఈ రెంటినీ సరితూచడానికి పుట్టినవే.

మౌలాలి, నాచారం, ఉప్పల్ ప్రాంతమంతా దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు మీద ఉంది. ఆ రాయి చితికి చితికి పైన మొరం అయింది, చల్క నేల అయింది. ఉప్పల్ రోడ్డులో 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నదీ ఇదే రాతి నేల మీద. పొడిగా, గరుగ్గా ఉండే మొరం మీద రోజంతా తిరిగే గుర్రానికి గిట్ట దానంతటదే అరుగుతుంది, గట్టిపడుతుంది. రేగడి నేలలో అలా కాదు. వానాకాలం బురద గిట్టలో ఇరుక్కుని, పెంకు నాని, మెత్తబడుతుంది.

నేలతో గిట్టకు సాన పట్టించవచ్చని పాతవాళ్ళకు బాగా తెలుసు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రాల పెంపకం మీద రాసిన పుస్తకంలో ఒక ఉపాయం చెప్పాడు. లాయం ముందు గుప్పెడంత గుండ్రటి రాళ్ళు బండ్లకొద్దీ పోయించి, మాలీసు చేసేటప్పుడు గుర్రాన్ని వాటి మీద నిలబెట్టాలి. ఈగలు తోలుకోవడానికి గుర్రం కాళ్ళు కదుపుతూ ఉంటే గిట్టలు వాటంతటవే గట్టిపడతాయి. అప్పటికి గ్రీకులకు మేకులు కొట్టే లాడం లేదు. మన దగ్గరా లేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడికి ఒక అధ్యాయమే ఉంది. దాణా లెక్కలున్నాయి, లాయం కొలతలున్నాయి, నడకల శిక్షణ ఉంది. ఇనప లాడం మాత్రం లేదు. శాలిహోత్రుడి పేరు మీద నడిచిన అశ్వశాస్త్ర సంప్రదాయం తెలుగులోకి కూడా వచ్చింది. మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' పద్యాల్లో చెప్పిన గుర్రపు శాస్త్రమే. గుర్రాన్ని కొనేవాడు సుడులు, రంగు, నడకలతో పాటు గిట్ట ఆకారాన్నీ పట్టి చూడాలన్నది ఆ శాస్త్రాల తీరు. మంచి గిట్ట పుట్టుకతో రావాలి, తర్వాత నేల దాన్ని కాపాడాలి.

ఈ నమ్మకం ఎక్కడ బెడిసికొట్టిందో 13వ శతాబ్దం చివర్లో దక్షిణాది తీరం చూసిన మార్కో పోలో రాశాడు. పాండ్యుల ఏలుబడిలోని మాబార్ రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలను హోర్ముజ్, కిష్, ఏడెన్ వర్తకుల దగ్గర కొంటాడట. ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవట. అక్కడివాళ్ళకు గుర్రాన్ని సాకడం తెలియదనీ, గిట్టలు చూసే పనివాడు ఒక్కడూ లేడనీ అతని మాట. ఆ పనివాళ్ళను వర్తకులు తమ వెంట తీసుకురాకపోవడమే కాదు, వేరేవాళ్ళు వెళ్ళబోయినా అడ్డుపడేవాళ్ళని కూడా రాశాడు. గుర్రాలు బతికితే బేరం పడిపోతుంది కదా! అదే పుస్తకంలో ఆ తర్వాత వచ్చే ముత్ఫిలి, బాపట్ల జిల్లాలోని నేటి మోటుపల్లి. అప్పట్లో అది కాకతీయుల రేవు. ఆ దేశాన్ని ఒక రాణి ఏలుతోందని అతను చెప్పింది రుద్రమదేవి గురించే. కాకతీయుల సేనలో గుర్రాలనూ ఏనుగులనూ చూసే అధికారులకు సాహిణి అనే హోదా ఉండేది. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని గజసాహిణి.

మార్కో పోలో మాటల్లో అతిశయోక్తి ఉండొచ్చు. కానీ అరబ్బు ఎడారిలో పుట్టి పెరిగిన గుర్రం గిట్ట తీరప్రాంతపు తడిలో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇసుక మీద ఎండిన పెంకు తేమకు నానుతుంది, కింది సందుల్లో కుళ్ళు పుడుతుంది. గీకి శుభ్రం చేసే చెయ్యి లేకపోతే మేలుజాతి గుర్రమైనా నెలల్లో కుంటిదవుతుంది. రెండు శతాబ్దాల తర్వాత కూడా ఈ బేరం తగ్గలేదు. గుర్రాలు తెచ్చే పరదేశి వర్తకులను మంచిగా చూసుకోవాలి, ఆ గుర్రాలు శత్రువు చేతికి పోకుండా చూడాలి అని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పాడు.

మేకులతో బిగించే ఇనప లాడం ఉత్తరాదికి తుర్కుల గుర్రపు దళాలతో వచ్చిందని చరిత్రకారులు అంటారు. దానితో పాటే నాల్‌బంద్ వచ్చాడు. నాల్ అంటే లాడం, దాన్ని కట్టేవాడు నాల్‌బంద్. బహమనీలు, కుతుబ్‌షాహీల కాలానికి దక్కనులో ఇది స్థిరపడిన వృత్తి. అయినా లాడం రాగానే ఉట్టి గిట్టల కాలం ముగిసిందనుకోకూడదు. అక్బరు గుర్రపుశాలల్లోనే లాడాలు ఏడాదికి రెండుసార్లు కొట్టేవారని అయిన్-ఇ-అక్బరీ చెబుతోంది. నాలుగు కాళ్ళకూ కలిపి కూలి మొదట ఎనిమిది దాములు, తర్వాత పది. నేటి లెక్కన లాడం ఆరేడు వారాలకోసారి విప్పి, పెరిగిన గిట్ట కోసి, మళ్ళీ కొట్టాలి. పాదుషా లాయంలోనే ఏడాదికి రెండుసార్లయితే, పల్లెలో ఒక తట్టు గుర్రానికి ఎంత దక్కి ఉంటుంది? గుర్రం బరువులో సుమారు ఐదింట మూడు వంతులు ముందు కాళ్ళే మోస్తాయి. అందుకే ఖర్చు చూసుకునేవాళ్ళు ముందు రెండు కాళ్ళకే లాడాలు కొట్టించి, వెనక కాళ్ళను నేలకు వదిలేయడం చాలా దేశాల్లో ఉన్న అలవాటే.

దక్కనులో గిట్ట కోతకు అసలు అవసరం తెచ్చిపెట్టింది గుర్రాన్ని కట్టేసే పద్ధతి. అగాడీ, పిఛాడీ అని ముందూ వెనకా తాళ్ళతో గుంజలకు కట్టి, రోజులో ఎక్కువ సేపు ఒకేచోట నిలబెట్టేవారు. తిరగని గుర్రానికి మొరం నేల ఏం చేస్తుంది? గిట్ట పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు చేతికి రావలసింది సుమ్‌తరాషు. గిట్టను చెక్కే ఇనప పనిముట్టుకు పారశీకం నుంచి వచ్చిన పేరది. నాల్‌బంద్ సంచిలో దానితో పాటు అంచులు కొరికే పట్టకారు, మేకులు పీకే జంబూరా, సుత్తి, ఆకురాయి ఉండేవి. కొలిమి మాత్రం వెంట ఉండేది కాదు. ఐరోపా కమ్మరి ఎర్రగా కాల్చిన లాడాన్ని గిట్టకు ఆనించి అమర్చుకుంటే, ఇక్కడి నాల్‌బంద్ ముందే చేసి పెట్టుకున్న లాడాన్ని చల్లగానే సుత్తితో సాగదీసి, వంచి, సరిచేసి కొట్టేవాడు. కొలిమి మోయక్కర్లేని మనిషి దండు వెంట ఎక్కడికైనా నడవగలడు.

నాల్‌బంద్ నెలకో రెండు నెలలకో ఒకసారి కనిపించే మనిషి. మధ్యలో ఉన్న రోజులన్నీ గుర్రాన్ని సాకే సాయీసువి. తెల్లవారకముందే ఖరారాతో ఒళ్ళు దువ్వడం, మాలీసు చేయడం, దాణా నానబెట్టడం, ఆ తర్వాత ఒక్కో కాలూ ఎత్తి మోకాళ్ళ మధ్య పట్టుకుని గిట్ట అడుగు గీకడం అతని పనులు. గిట్ట కింద మధ్యలో మెత్తగా, మూడు మూలలుగా ఉండే భాగాన్ని పుత్లీ అంటారు. దానికి అటూ ఇటూ ఉన్న గాడుల్లోనే పేడ, రాళ్ళు, మొరం ఇరుక్కుంటాయి. ఇనప కొక్కేన్ని మడమ వైపు నుంచి ముందు మొన వైపు లాగాలి. తిరగేసి లాగితే కొన పుత్లీలో దిగుతుంది. నల్లగా జిగురుకట్టి దుర్వాసన వస్తే కుళ్ళు మొదలైనట్టే. ఒక గిట్ట మిగతా వాటికన్నా వేడిగా తగిలితే లోపల దెబ్బ ఉన్నట్టే. ఈ పరీక్షకు చదువు అక్కర్లేదు, రోజూ తాకే చెయ్యి చాలు.

ఆసఫ్‌జాహీల రాజ్యంలో ఇటువంటి చేతులు చాలానే ఉండేవి. నిజాం కోసం సొంతంగా అశ్వబలాన్ని పోషించే ప్రభువుల కుటుంబమే పాయ్‌గాలు. ఆ మాటకు లాయం అనే అర్థమూ ఉంది. హైదరాబాద్ కంటింజెంటు రౌతుల్లో చాలామంది సిలేదారులు, అంటే సొంత గుర్రంతో కొలువుకు వచ్చేవాళ్ళు. సిలేదారుకు గుర్రమే పెట్టుబడి, అది కుంటితే జీతమే కుంటుతుంది. 1806లో సికింద్రాబాదు కంటోన్మెంటు ఏర్పడ్డాక ఇంగ్లీషు పద్ధతులు వచ్చాయి. అశ్వదళాల్లో సాలోత్రీలు, అంటే గుర్రపు వైద్యులు, నాల్‌బందులు దండులో లెక్కకు వచ్చే మనుషులయ్యారు.

ఆ మనుషుల పనికి గట్టి పరీక్ష ఫ్రాన్సులో జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడు అక్కడ పోరాడింది. అందులోని 20వ డెక్కన్ హార్స్ 1916 జులై 14న సోమ్ దగ్గర హైవుడ్ అడవి వైపు ఈటెలతో దాడి చేసింది. మర తుపాకుల యుద్ధంలో అశ్వదళం చేసిన అరుదైన దాడుల్లో అదొకటి. ఆ దాడి గురించి పుస్తకాల్లో ఉంది. కానీ పశ్చిమ రంగంలో గుర్రాలను కుంటించిన శత్రువుల్లో తుపాకులతో పాటు రోడ్డు మీది మేకులు కూడా ఉన్నాయి. విరిగిన పెట్టెలు, వంటచెరుకులో మిగిలిన మేకులు గిట్ట అడుగున దిగి చీము పట్టేవి. దారుల మీద మేకులు ఏరడానికి సైన్యం మనుషులను పెట్టాల్సి వచ్చింది. పూటపూటకూ కాలెత్తి కొక్కెంతో గీకి చూడడమొక్కటే దానికి విరుగుడు.

ఇంటిదగ్గర నేల కూడా మారుతోంది. కంకర రోడ్లు వచ్చాయి, 1930ల నాటికి నగరంలో సిమెంటు రోడ్లు పడ్డాయి. మొరం నెమ్మదిగా అరగదీస్తే, కంకర చిప్పలు కొడుతుంది. సిమెంటు ప్రతి అడుగుకూ ఎదురుదెబ్బ వేస్తుంది. టాంగాకు కట్టిన తట్టు రోజంతా అదే రోడ్డు మీద పరిగెత్తాలి కనుక లాడం తప్పనిసరి అయింది. నాల్‌బందుకు ఊళ్ళో చేతినిండా పని దొరికిన కాలమది. అదే కాలం అతని పనికి ఎసరూ పెట్టింది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. టాంగాలు స్టేషన్ల దగ్గరికీ, తర్వాత పాతబస్తీ సందులకూ, ఆ తర్వాత జ్ఞాపకాల్లోకీ జరిగిపోయాయి.

గుర్రం తగ్గినా లాడం మాత్రం ఊరు విడిచిపోలేదు. పీర్ల పండుగలో లాడం ఆకారపు నాల్ సాహెబు పీరును తెలంగాణ పల్లెలు హిందూ ముస్లిం తేడా లేకుండా ఎత్తుకుంటాయి. తెలుగు గడ్డ మీద పుట్టిన జాఫర్ షరీఫ్ రాయగా 1832లో లండన్‌లో ఇంగ్లీషులో అచ్చయిన ఖానూన్-ఎ-ఇస్లాంలోనే నాల్ సాహెబు ప్రస్తావన ఉంది. నాల్‌బందులు కూడా గుర్రాన్ని వదిలి ఎద్దును పట్టుకున్నారు. చీలిన గిట్ట కనుక ఎద్దు కాలికి రెండు చిన్న బిళ్ళలు, నాలుగు కాళ్ళకు ఎనిమిది. ఎద్దును తాళ్ళతో పడేసి, కాళ్ళు కట్టి, సంతల్లో లాడాలు కొట్టే దృశ్యం ట్రాక్టర్లు వచ్చేదాకా మామూలే.

నాచారంలో ఈ లోపు పరిశ్రమల వాడ లేచింది. మొరం నేల మీద షెడ్లు, వాటి మధ్య తారు రోడ్లు. ఎన్.టి. రామారావు రామకృష్ణా సినీ స్టూడియో కట్టింది ఇక్కడే. 1976లో 'దానవీరశూరకర్ణ' షూటింగు ఆ స్టూడియోలో జరిగి, 1977 సంక్రాంతికి సినిమా విడుదలైంది. వీధిలోంచి గుర్రం వెళ్ళిపోతున్న రోజుల్లో కౌరవ పాండవుల రథాల గుర్రాలు నాచారం నుంచి తెర మీదికి ఎక్కాయి.

ఇప్పుడు నగరంలో గుర్రాలున్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు: మలక్‌పేట పందెం మైదానం, గోషామహల్లో పోలీసుల అశ్వదళం, శివార్లలో స్వారీ నేర్పే క్లబ్బులు, పెళ్ళి బరాతులకు అద్దెకిచ్చేవాళ్ళ లాయాలు. దేశం మొత్తం మీద గుర్రాలు, తట్టులు కలిపి 2012 పశుగణనలో 6 లక్షలకు పైగా ఉంటే, 2019లో 3.4 లక్షలే. పందెపు గుర్రాలకు తేలికపాటి అల్యూమినియం లాడాలు, అవీ తరచూ మార్చాలి. మిగతా గుర్రాల్లో చాలావాటికి రోజూ అంత పరుగు లేదు. వాటికి లాడం నిజంగా అవసరమా అన్న ప్రశ్న ప్రపంచమంతటా మళ్ళీ లేచింది.

దానికి ఊపునిచ్చింది అమెరికాలో లాడాలు కొట్టే పని చేసిన జెయిమీ జాక్సన్. 1980లలో పడమటి రాష్ట్రాల బంజర్లలో అడవి మస్టాంగు గుర్రాల గిట్టలను పరిశీలించి, 1992లో 'ది నేచురల్ హార్స్' పుస్తకం రాశాడు. ఎవరూ కోయకుండానే పొట్టిగా, గుండ్రటి అంచులతో, దిట్టంగా ఉన్న ఆ గిట్టలను తీర్చింది రాతి నేలా, రోజూ మైళ్ళ కొద్దీ నడకే. జెనొఫోన్ రాళ్ళ లాయం వెనకున్న ఆలోచన కూడా ఇదే. కానీ నగరపు లాయంలో అటువంటి నేలా లేదు, అంత నడకా లేదు. పరిచిన పొట్టు, తడి పేడ, మెత్తటి ఇసుక మైదానం ఉంటాయి. లాడం తీసేస్తే సరిపోదు. నేల చేయాల్సిన పని మనిషి చేయాలి.

ఆ పని కోత గడువుకూ గడువుకూ మధ్య జరుగుతుంది. ఆరేడు వారాలు ఆగితే పెంకు విచ్చుకుని, అంచు చిట్లుతుంది. వారానికో, పది రోజులకో ఒకసారి ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది అంచును గుండ్రంగా ఉంచితే ఆ చిట్లుడు రాదు. ఇందుకు వాడేది వడ్రంగి ఆకురాయి కాదు. సుమారు 14 అంగుళాల పొడవున, ఒక వైపు ముతక పళ్ళు, రెండో వైపు సన్న పళ్ళు ఉండే రకం. పెద్ద ఆకురాయిని ఒంటిచేత్తో ఆడించలేని వాళ్ళ కోసం పిడి ఉన్న చిన్నవీ వచ్చాయి. గుర్రం కాలు ఆనించడానికి ఇనప స్టాండు ఉంటే నడుము వంచే బాధ సగం తగ్గుతుంది. కొక్కేనికి రెండో వైపు గట్టి బ్రష్షు ఉంటుంది, గీకిన గాడిని దాంతో తుడిచి చూడవచ్చు. కొన వంగిన చిన్న కత్తి మాత్రం జాగ్రత్తగా వాడాల్సిన వస్తువు. వేలాడే పుత్లీ పీలికలు తీయడం వరకే సాయీసు పని. అరికాలు పలచబరిస్తే గుర్రం మొరం మీద అడుగు వేయలేదు. తారు రోడ్డు మీద దూరం పోవాలంటే రబ్బరు బూట్లున్నాయి, పని అయ్యాక విప్పేయవచ్చు. వానాకాలంలో ఈ సామానంతటికన్నా ముందు కావలసింది పొడిగా ఉన్న నిలువుచోటు. కొందరు లాయం గుమ్మం ముందు కంకర, మొరం పోయిస్తున్నారు.

ఇలా చూసుకునే గుర్రానికి నాల్‌బంద్ అక్కర్లేకుండా పోడు. గిట్ట కోణం చూసి, మడమ ఎంత దించాలో, మొన ఎంత కోయాలో తేల్చేది అతని కన్నే. ఆరేడు వారాలకోసారి అతను వచ్చి పట్టకారుతో అంచు కొరికి, కత్తితో అడుగు సరిచేసి వెళ్తాడు. సుత్తి, మేకులు సంచిలోనే ఉండిపోతాయి. అతను మళ్ళీ వచ్చేదాకా కొక్కెం, ఆకురాయి సాయీసు దగ్గరే ఉంటాయి.